తూములో ఎర్ర నీళ్ళు

1944 జూలై 9, ఆదివారం

నేను పోను.

ఈ మాట ముందు రాసి పెట్టుకుంటే మిగతాది నిదానంగా రాసుకోవచ్చు. పొద్దున తిరుపతి రైల్లో ఆయన దిగాడు. చేతిలో నగరి చీర ఒకటి ఉంది. నాకు కాదు, వాళ్ళమ్మకు. నగరిలో బట్టల కొట్టు పెట్టినప్పటి నుంచి అక్కడ ఇంకొక ఆమెతో ఉంటున్నాడని పాకాలలో అందరికీ తెలుసు, నాకూ తెలుసు. ఇప్పుడు ఆమె కడుపుతో ఉందట. ఆమె పేరు ఈ పుస్తకంలో రాయను. నా సిరా, నా ఇష్టం.

“కాన్పు ఈడనే, మా అమ్మ చేతిలోనే జరగాలంటా ఉండాది. నువ్వు ఇంట్లో ఉంటే రానంటాది. నువ్వు చిత్తూరికి, మీ అన్న కాడికి పో” అన్నాడు. సంతకు పోయి ఉప్పు తెమ్మన్నట్టు చెప్పాడు.

“నేనేం తప్పు చేసినాను?”

“తప్పని ఎవురన్నారు? పిల్లలు లేరు గదా.”

మా అత్త సిద్ధమ్మ గడప దగ్గర కూర్చుని కొత్త చీర మడతలు విప్పి చూసుకుంటోంది. మనవడు పుడతాడనే సంతోషం ముఖంలో దాచుకోలేక దాచుకుంటోంది.

మా వాళ్ళలో ఏ తగువు వచ్చినా వెంకటముని మామే తీర్చాలి. ఆయన దగ్గరికి తల్లీకొడుకులు పోయి వచ్చారు. “తప్పు లేని ఆడదాన్ని గడప దాటించమని నేను సెప్పలేనప్పా గంగాధరం. తప్పుంటే సెప్పు, ఆ పొద్దే పంపిద్దాం” అన్నాడట. పెద్దమనిషి నూరేళ్ళు బతకాలి.

కాబట్టి ఇప్పుడు ఈ ఇంట్లో అందరూ నా తప్పు కోసం వెతుకుతారు. వెతుక్కోనీ.

జూలై 11

యుద్ధం రోజులు, ఖాళీ జాగా ఉంచవద్దు, కూరగాయలు పండించండి అని వ్యవసాయం వాళ్ళు స్టేషన్ దగ్గర విత్తనాల పొట్లాలు పంచిపెట్టారు. టమాటా గింజలు అందరూ దాచుకున్నారు. బీట్‌రూటు పొట్లాలు మటుకు ఎవరికీ అక్కర్లేదు. అదేమి గడ్డో, ఎట్లా తినాలో తెలియదు. పక్కింటి నాగులమ్మ కోళ్ళకు వేయబోతుంటే నేనే అడిగి తెచ్చుకున్నాను. ఇంకా రెండు మూడిళ్ళలో అడిగాను. చిత్తూరు మిషన్ బడిలో హాస్టలు వెనక దొరసానమ్మ ఈ తోటే వేయించేది. నీళ్ళు పోసిన చేతులు నావి.

ఆయనతో చెప్పాను. “విత్తనం ఏస్తా ఉండాను. పంట చేతికొచ్చినాక మాట్లాడదాం.”

అత్తకు ఒక నమ్మకం ఉంది. విత్తు వేసిన మనిషే మొదటి కోత కోయాలని, లేకపోతే భూమి అలుగుతుందని. ఆమె ఎదురుగా ఆయన ఏమంటాడు? పళ్ళు కొరుక్కుంటూ మధ్యాహ్నం రైలెక్కాడు.

పంట రాగానే పోతానని నేను అనలేదు. మాట్లాడదాం అన్నాను. తేడా ఉంది.

జూలై 12

గింజలు రాత్రంతా నానబెట్టి, పొద్దున్నే బూడిద కలిపి మడుల్లో వేశాను. గరుకుగా, మిరియం కంటే కాస్త పెద్దవిగా ఉన్నాయి. పిచ్చుకలు రాకుండా పైన కంప కప్పాను. నడుము విరిగింది. హాయిగా ఉంది.

జూలై 21

మొలిచాయి! కాడలు అప్పుడే ఎర్రగా ఉన్నాయి.

తల దువ్వుకుని పూలు పెట్టుకున్నాను. ఆదివారం ఆయన వస్తాడని కాదు. జుట్టు చిక్కుపడింది, అందుకు దువ్వుకున్నాను. పూలు ఊరికే వాడిపోతాయని పెట్టుకున్నాను.

జూలై 23

రాలేదు.

నేనేమీ ఎదురు చూడలేదు. నాకు ఈ ఇల్లు కావాలి, ఈ పెరడు కావాలి, అంతే. ఆయన సంగతి నాకెందుకు?

ఆగస్టు 4

ఈ గింజలో ఒక విచిత్రం ఉంది. ఒక్క గింజలోంచి రెండు మూడు మొలకలు వస్తాయి. బలమైనదాన్ని ఉంచి మిగతావి పీకేయాలి. పీకుతుంటే అత్త వెనక నిలబడి చూసింది.

“బతికిన మొక్కను పీకుతావేమే పాపిష్టిదానా?”

“ఒక గుంతలో రెండుంటే దేనికీ గడ్డ ఊరదు అత్తా.”

అని నాలుక కరుచుకున్నాను. ఆమెకు ఏమి అర్థమయిందో తెలియదు కాని, కొంగు దులుపుకుని లోపలికి పోయింది. అర్థమైతే కానీ. నేను మొక్కల గురించే చెప్పాను.

ఆగస్టు 16

అన్న రాజారత్నం వచ్చాడు. మా అన్న మంచివాడు, అదే నా బాధ. చెడ్డవాడైతే పోట్లాడి పంపేదాన్ని.

“ఎన్ని దినాలు ఇట్ల ఆ మనిషి ఇంట్లో మట్టి తవ్వుకుంటా కూర్చుంటావు? మన ఇంటికి పోదాం రామ్మా. వదిన కూడా రమ్మనింది. మర్యాదగా నువ్వే వచ్చేస్తే మేలు గదా” అన్నాడు.

“మర్యాదగా వచ్చేస్తే ఇంక జన్మంతా మర్యాదగా మీ వసారాలో కూర్చోవాల. వదిన చేసింది తినాల, పిల్లోళ్ళకు ముక్కు తుడవాల. నేను రానన్నా. తప్పు చేసినోడు తిరుగుతా ఉంటే నేనెందుకు మూట కట్టుకోవాల?”

అన్న కళ్ళు తుడుచుకున్నాడు. నేను తుడుచుకోలేదు. మడికి నీళ్ళు కట్టాలి, బావి నుంచి చేదాలి, తీరిక ఎక్కడ?

సాయంత్రం అన్న పోయాక తీరిక దొరికింది.

సెప్టెంబరు 5

లేత ఆకులు కోసి, పచ్చిమిరపకాయలూ చింతపండూ వేసి పులగూర ఎనిపాను. సంగటిలోకి ఎంత బాగుందో! అత్త ముట్టలేదు. ఉత్త సంగటి, వేరుశనగ ఊరిబిండి నంజుకుని తినింది.

“కాడల్లో నెత్తురుండాది. సీమ దొరసాని ఆకు నాకొద్దు.”

“నెత్తురు కాదత్తా, రంగు.”

“నామం పెట్టుకునే కొంప ఇది. నువ్వు తిను.”

తిన్నాను. రెండోసారి వడ్డించుకుని తిన్నాను.

సెప్టెంబరు 21

మొదటి గడ్డలు తీశాను! పిడికిలంత ఉన్నాయి. దొరసానమ్మ చెప్పింది మరిచిపోలేదు. కింద తోక, పైన అంగుళం కాడ ఉంచి, కోయకుండా, పొట్టుతోనే ఉడకేయాలి. ఉడికాక వేళ్ళతో నొక్కితే పొట్టు జారి వస్తుంది. ముందే కోస్తే రంగంతా నీళ్ళలోకి పోతుంది, రుచీ పోతుంది. తిరగమోత పెట్టి, కొబ్బరి వేసి వేయించాను. నాగులమ్మకు గిన్నెలో పంపాను. గిన్నె అలాగే తిరిగొచ్చింది, మూత కూడా తీయలేదు.

అత్త మాత్రం పొయ్యి దగ్గరికి వచ్చి వాసన చూసింది. చూసి, “మన్ను వాసన” అంది. అయినా కాసేపు అక్కడే నిలబడింది.

కోత మొదలైంది కాబట్టి ఆయనతో “మాట్లాడదాం” అన్న గడువు వచ్చేసింది. ఇంకా సగం గడ్డలు ఊరలేదు. ఊరలేదనే చెప్తాను.

అక్టోబరు 7, పెరటాశి శనివారం

పెరటాశి నెల గోవిందుడిది, మా వీధిలో నీచు వండరు. శనివారాలైతే సరేసరి. పొద్దున్నే నామాలు పెట్టుకుని, చెంబుకు నామం దిద్ది, గోవిందా గోవింద అంటూ ఇల్లిల్లూ తిరిగి బియ్యం అడుక్కొస్తారు. ఆ బియ్యంతోనే వండి దేవుడికి నైవేద్యంగా తళిగ వేస్తారు. ఏ ఇంటి గడప ముందైనా గోవింద వాళ్ళు అడగకుండా వెనక్కి తిరిగితే ఆ ఇంటికి అంతకంటే అవమానం లేదు.

ఈ రోజు మా ఇంటి ముందు నుంచి అట్లా వెనక్కి తిరిగారు.

నేను నిన్నటి నుంచి బయట ఉన్నాను, పెరట్లో పశువుల కొట్టంలో. మూడు దినాలూ ఇంట్లోకి పోకూడదు, పొయ్యి ముట్టకూడదు, మొక్కల దగ్గరికి పోకూడదు. పుస్తకం ముట్టుకోవచ్చునా అని ఎవరూ అడగలేదు. అడగనిదానికి నేనెందుకు జవాబు చెప్పాలి?

పొద్దున అత్త వెనక వసారాలో కత్తిపీట వేసుకుని కూర్చుంది. మొన్న నేను తీసి పెట్టిన గడ్డలు పక్కన ఉన్నాయి. నా కళ్ళను నేనే నమ్మలేదు. ఆమె బీట్‌రూటు కోస్తోంది!

“కోయొద్దత్తా! పొట్టుతోనే ఉడకెయ్యి!” అని కొట్టంలోంచి అరిచాను.

“నీకు ముందర నుంచి పొయ్యికాడ ఉండే దాన్ని. నాకు వంట నేర్పిస్తావా?”

“ఈ పొద్దు ఆ కూర ఏమిటికి? నువ్వు తినవు గదా.”

“పెరట్లో ఊరి ఊరి పగిలిపోతా ఉండాయి. పారేస్తామా?”

కందగడ్డ దురద పోవడానికి కడిగినట్టు, ముక్కల మీద ఉప్పు చల్లి, చింతపండు నీళ్ళు పోసి పిసికింది. ఎర్ర నీళ్ళు వచ్చాయి. వంచేసింది. మళ్ళీ పోసింది, మళ్ళీ ఎరుపే. నీళ్ళు తెల్లగా అయ్యేదాకా కడగాలని ఆమె పట్టు. తెల్లగా ఎక్కడవుతాయి? బానెడు నీళ్ళూ అయిపోయాయి. ఆ ఎరుపంతా తూములోంచి వీధి కాలువలోకి పోయింది.

వీధి నుంచి గోవిందా అన్న కేక వినపడి, మధ్యలో ఆగిపోయింది. తరువాత నాగులమ్మ గొంతు.

“అయ్యయ్యో సిద్దక్కా! పెరటాశి శనివారం కోడిని కోసినారా!”

కోడి కాదు, గడ్డ అని అత్త ఒక్క మాట చెప్తే సరిపోయేది. చెప్పలేదు. వీధి తలుపు మూసిన చప్పుడు వినపడింది. మధ్యాహ్నం నాకు దూరంగా విస్తరి పెట్టింది. అన్నం, మజ్జిగ.

“కూర లేదా అత్తా?”

“లేదు.”

ఆమె చేతులు మణికట్ల దాకా ఎర్రగా ఉన్నాయి. నాకు కనపడకుండా కొంగులో చుట్టుకుంది.

అక్టోబరు 9

తలకు పోసుకుని ఇంట్లోకి వచ్చాను. ఆయనా వచ్చాడు. స్టేషన్లోనే ఎవరో చెప్పి ఉంటారు. ఆయన ముఖం చూస్తే పండగకు వచ్చినట్టుంది.

“తప్పు కావాలన్నారు గదా వెంకటముని మామ. దొరికింది.”

గడ్డను తెచ్చి ఆయన ముందర కోసి చూపించాను. రసం కారింది. పంచె పైకి లాక్కుని దూరం జరిగాడు.

“కోడైతేనేం, గడ్డైతేనేం? మిషన్ బడి తిండి తెచ్చి ఇంట్లో పెట్టినావు. గోవింద వాళ్ళు తిరిగి పోయినారు. మా నాయన ఉన్నప్పుడు ఇట్లాంటిది జరిగిందా?”

నేను అత్త వైపు చూశాను. ఆమె వెల్లుల్లి వలుస్తోంది. వలిచిందే వలుస్తోంది.

నాకు ఒళ్ళు మండిపోయింది. నేను ఒక్క మాట చెప్తే అయిపోతుంది. ఆ రోజు నేను బయట ఉన్నాను, పొయ్యి వైపు పోలేదు. మగవాళ్ళ ముందర అది చెప్పుకోవడం సిగ్గే. సిగ్గును చంపుకోగలను. కానీ అది చెప్తే ఇంట్లో ఇంకెవరున్నారు? ఆ ముసలామె ఒక్కతే. నా మీద నుంచి తీసి ఆమె నెత్తిన పెట్టడమే.

నేను మంచిదాన్ని కాబట్టి నోరు మూసుకున్నానని అనుకోను. ఆమెను వీధికీడ్చి గెలిచిన ఇంట్లో నాకు పొయ్యి వెలిగించబుద్ధి కాదు, అంతే.

ఎల్లుండి పంచాయతీ. అన్నకు కబురు పోయింది.

అక్టోబరు 10

చెప్పేస్తాను. నాకేం ఖర్మ? ఆమె నా తల్లా? రేపు అందరి ముందరా చెప్పేస్తాను.

అక్టోబరు 11

అంతా వరసగా రాయాలి, లేకపోతే రేపటికి నేనే నమ్మను.

మా ఇంటి తిన్నె మీద వెంకటముని మామ, మా వాళ్ళలో ఇంకొందరు పెద్దలు కూర్చున్నారు. అన్న ఎడ్లబండి కట్టుకుని వచ్చి, బండి దగ్గరే తల దించుకుని నిలబడ్డాడు. నాగులమ్మ తన గడపలో నిలబడి చెవులు ఇటు పెట్టింది. ఆయన కొత్త పంచె కట్టుకుని చెప్పాల్సినదంతా చెప్పాడు. నేను చేట నిండా బీట్‌రూట్లు తెచ్చి పెద్దల ముందు పోశాను. కత్తిపీట వేసి రెండు కోసి, నీళ్ళలో వేసి చూపించాను. నీళ్ళు ఎర్రబడ్డాయి. వెంకటముని మామ ఒక ముక్క తీసుకుని నోట్లో వేసుకున్నాడు. నమిలాడు.

“గడ్డే. తియ్యగా ఉండాది.”

“గడ్డయినా తప్పు తప్పే గదా మామా” అన్నాడు ఆయన.

మామ చేతికంటిన ఎరుపు చూసుకున్నాడు. “గడ్డయినా కోడయినా గోవింద వాళ్ళు తిరిగి పోయిన మాట నిజం. శనివారం పూట చూసేదానికి నెత్తురు మాదిరుండే నీళ్ళు వీధిలోకి వదిలినారు. అది ఎవురు చేసినారో వాళ్ళు ఇల్లు విడిచి పుట్టింటికి పోవాల. అంతే, నేను ఇంక మాట మార్చను” అన్నాడు.

అన్న బండిలో గడ్డి సర్దడం మొదలుపెట్టాడు. అది చూశాను. చెప్పేయాలని నోరు తెరిచాను. “ఆ పొద్దు నేను” అని అన్నాను కూడా. తరువాత మాట రాలేదు.

అప్పుడు అత్త లోపలి నుంచి వచ్చింది. చంకలో చిన్న మూట ఉంది. తిన్నె దిగి నేరుగా బండి దగ్గరికి పోయి, మూట అందులో పెట్టింది.

“రాజారత్నం, కొంచెం చెయ్యి పట్టుకో నాయనా, ఎక్కాల” అంది.

“ఏందమ్మా ఇది?” అని ఆయన పరుగెత్తాడు.

“ఆ నీళ్ళు వదిలింది నేను. కోసింది నేను, కడిగింది నేను. ఇది ఆ పొద్దు కొట్టంలో ఉండింది, బయటుండింది. మూడు దినాలు పొయ్యి ముట్టలేదు. మామ తీర్పు చెప్పినాడు గదా. నన్ను మా అమ్మ కాడికి పంపించండి.”

వెంకటముని మామ తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు.

“నీకు అమ్మ యాడుండాది సిద్దమ్మా? పోయి ఎంతకాలమయింది?”

“లేదు గదా. అయితే ఈ బండి యాడికి పోవాల్నో నువ్వే సెప్పు. ముసిలిదాన్ని, నాకు పోయేదానికి సోటు లేదంటే మీకందరికీ పాపమనిపిస్తాది. దానికి మటుకు ఉండాదంటారా? వాళ్ళన్న వసారా దాని ఇల్లా? నేను ఈ ఇంటికి కోడలిగా వచ్చినాను, అదీ అట్లనే వచ్చింది. నా కొడుకు నగరిలో సేసిన దానికి మీరెవురూ తిన్నె మీద కూర్చోలేదు. నేను గడ్డలు కడిగితే కూర్చున్నారే!”

నాగులమ్మ గడపలోంచి మాయమైపోయింది. ఆయన నేల చూపులు చూశాడు. మామ లేచి నిలబడి, “తీర్పు లేదు, ఏమీ లేదు. ఎవురూ యాడికీ పోవద్దు” అన్నాడు. పోతూ పోతూ చేటలోంచి రెండు గడ్డలు తీసుకుని కండువాలో కట్టుకున్నాడు.

అన్న మూట దించి ఇచ్చాడు. అందులో ఏముందో అని లోపలికి తెచ్చి విప్పాను. ఆమె పాత చీరలు, దేవుడి పటం. నగరి చీర లేదు.

“మొన్ననే సెప్పుంటే సరిపోయుండును గదా” అన్నాను. కోపంగానే అన్నాను, ఏడుస్తూ అన్నాను.

“బయమేసింది. నేనేమన్నా నీ మాదిరి మొండిదాన్నా?” అంది అత్త. అని తనూ ఏడ్చింది. తరువాత ఇద్దరం పొయ్యి ముందర కూర్చుని గడ్డలు పొట్టుతోనే ఉడకేశాం.

అక్టోబరు 20

అత్త తిన్నది. “తీపి ఎక్కువ. నాకు నచ్చలేదు” అంది. రెండో రోజూ అడిగి పెట్టించుకుంది.

నవంబరు 5, ఆదివారం

ఆయన వచ్చాడు. మధ్యాహ్నం, భోజనాల వేళకు. గుమ్మంలోనే నిలబడ్డాడు, చిక్కిపోయాడు.

ఆ నగరి ఆమె కాన్పుకు తన తల్లి దగ్గరికి పోయిందట. కొట్టు ఎవరికో అప్పజెప్పి తాను ఇక్కడికే వచ్చేస్తాడట.

“నువ్వూ ఉండు, నేనూ ఉంటాను. బిడ్డ పుట్టినాక ఆమే వస్తాది. ముగ్గురం సర్దుకుందాం. నిన్ను పొమ్మని ఇంక అనను దేవకీ” అన్నాడు.

నా పేరు పెట్టి పిలిచాడు. ఎన్నాళ్ళకు! ఈ పుస్తకమంతా తిరగేస్తే నాకు ఇల్లే కావాలి, ఆయన అక్కర్లేదు అని రాసి ఉంటుంది. అదంతా అబద్ధం. ఆయన వస్తాడని తల దువ్వుకున్నాను, రైలు వేళకు వీధి వైపు చూశాను. ఏడ్చాను కూడా. ఆయన గుమ్మంలో నిలబడి దేవకీ అంటే ఏమవుతుందోనని నా మీద నాకే భయం ఉండేది.

ఈ రోజు నిలబడ్డాడు, అన్నాడు. ఏమీ కాలేదు. పంచె అంచు చిరిగింది చూశాను. ఎవరూ కుట్టలేదు పాపం అనుకున్నాను. అంతకు మించి నాలో ఏమీ కదల్లేదు. అబద్ధమని రాసుకున్నది నాకు తెలియకుండానే ఎప్పుడో నిజమైపోయింది.

“నన్ను అడుగుతావేంది? మీ అమ్మ ఉండాది, అడుగు” అన్నాను.

అత్త పొయ్యి దగ్గర నుంచి వచ్చింది. కొడుకును కిందికీ పైకీ చూసింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, తల్లి కదా. కొంగుతో ఒత్తుకుంది.

“బిడ్డ పుడితే తెచ్చి సూపించు నాయనా. ఎత్తుకోవాలని నాకూ ఉండాది. ముగ్గురు సర్దుకునే కొంప కాదిది, ఇద్దరమే సరిపోయినాం. కాళ్ళు కడుక్కో. తిని పో.”

ఆయన నా వైపు చూశాడు, నేను ఏమైనా అంటానేమోనని. నేను పీట వాల్చి ఆకు వేశాను. అన్నం, పప్పు, బీట్‌రూటు వేపుడు పెట్టాను. ఇంటికి వచ్చిన చుట్టానికి వడ్డించినట్టు, ఆయన చాలు చాలని చేయి అడ్డం పెట్టే దాకా వడ్డించాను.